తుమ్మెద రాకపోయినా కాయ కట్టే పువ్వు: బీ ఆర్కిడ్ ప్రాజెక్టు డైరీ

అక్టోబర్ 6

మధ్యాహ్నం భోజనం అయ్యాక ఆఫీసు వెనక లాన్‌లో ఒక చుట్టు తిరిగి రావడం నాకు అలవాటు. మొన్న జూన్‌లో అక్కడే, కార్ పార్కింగ్ పక్కనున్న వాలులో, గడ్డి మధ్య నాలుగు బీ ఆర్కిడ్‌లు, తేనెటీగలా కనిపించే పువ్వులు, పూసి కనిపించాయి. మూడో రోజు మిషన్ వచ్చి గడ్డితో పాటు వాటినీ కోసుకుపోయింది. వచ్చే ఏడు వీటిని కాయ కట్టేదాకా కాపాడాలని ఆ రోజే అనుకున్నాను. ఈ డైరీ అందుకే.

మేముండేది ఇంగ్లండ్‌లో, బెడ్‌ఫర్డ్‌షైర్ కౌంటీలోని డన్‌స్టబుల్ దగ్గర. ఈ ప్రాంతమంతా సుద్దరాతి మీద ఉంది. ఒక్క జానెడు తవ్వితే చాలు, తెల్లటి పెళ్లలు బయటపడతాయి. బీ ఆర్కిడ్‌కి సున్నం ఉన్న నేలంటే ప్రాణం. అడవి మొక్కల్ని కాపాడే ప్లాంట్‌లైఫ్ సంస్థ ప్రజల ఓటుతో ఒక్కో కౌంటీకి ఒక్కో పువ్వును ఎంపిక చేసినప్పుడు బెడ్‌ఫర్డ్‌షైర్‌కి దక్కింది ఈ పువ్వే. అది అభయారణ్యంలోనే పూయాలని నియమం పెట్టుకోదు. పాత క్వారీలు, రైలు కట్టలు, రోడ్డు పక్క గట్లు, ఫ్యాక్టరీల ముందు లాన్‌లు, ఎక్కడైనా సరే. నేల బీదగా ఉండాలి, ఎరువు పడకూడదు. ఆ రెండూ కుదిరితే చాలు.

చాలామందికి తెలియని విషయం ఏమిటంటే, ఈ మొక్కని వెతకాల్సింది జూన్‌లో కాదు, ఇప్పుడు. ఎండాకాలం పూసి ఎండిపోయాక దుంప నేలలో నిద్రపోతుంది. సెప్టెంబర్, అక్టోబర్‌లలో కొత్త ఆకులు లేస్తాయి. చలికాలమంతా పచ్చగా ఉంటాయి. నేలకి అతుక్కుని, తామర ఆకుల్లా విచ్చుకున్న చిన్న చుట్టు అది. ఇక్కడివాళ్లు రోసెట్ అంటారు.

ఈ రోజు 40 నిమిషాలు మోకాళ్ల మీద కూర్చుని వెతికాను. 11 దొరికాయి.

అక్టోబర్ 12

శనివారం. మా అమ్మాయిని వెంటబెట్టుకుని వెళ్లాను. దానికి తొమ్మిదేళ్లు, చూపు నాకంటే నేలకి దగ్గర. లెక్క 27కి చేరింది.

మొదట్లో నేను ప్లాంటెయిన్ అనే కలుపు మొక్కని చూసి రెండుసార్లు పొరబడ్డాను. దాని ఆకు మీద గట్టి ఈనెలు తాళ్లలా పైకి తేలి ఉంటాయి, వేలితో రాస్తే గరుకు. ఆర్కిడ్ ఆకు నున్నగా, కొంచెం బూడిద కలిసిన ఆకుపచ్చగా ఉంటుంది. ఈనెలు లోపలే సన్నగా, బారుగా కనిపిస్తాయి. ఒకసారి చేయి పెట్టి చూస్తే ఇక పొరపాటు పడరు.

గుర్తులు ఎలా పెట్టాలన్నది పెద్ద సమస్య. మేకు పాతితే మిషన్ బ్లేడుకి తగిలి ఎవరికైనా ప్రమాదం. ప్లాస్టిక్ జెండా పెడితే ఎవరో ఒకరు పీకేస్తారు. అందుకని వాలుకి రెండు కొసల్లో రెండు చెక్క మేకులు నేలమట్టానికి దిగ్గొట్టి, ఒక్కో మొక్కకి ఆ రెండింటి నుంచి టేపుతో దూరం కొలిచి రాసుకున్నాం. రెండు దూరాలు తెలిస్తే మొక్క ఎక్కడుందో అంగుళం తేడా లేకుండా పట్టుకోవచ్చు. మొక్క నంబర్ 1: ఎడమ మేకు నుంచి 3.42 మీటర్లు, కుడి మేకు నుంచి 11.08. అమ్మాయి చదువుతుంటే నేను రాశాను. తిరిగి వచ్చేముందు అక్కడి మట్టి చిటికెడు గిన్నెలో వేసి దాని మీద వెనిగర్ చుక్కలు వేశాం. బుసబుసా పొంగింది. "అమ్మా, మట్టి సోడాలా అవుతోంది!" అంది. సున్నం ఉందనడానికి అంతకంటే రుజువు అక్కర్లేదు.

అక్టోబర్ 21

ఆఫీసు బిల్డింగు చూసుకునే ఫెసిలిటీస్ మేనేజర్‌తో మాట్లాడాను. ఆ వాలులో 15 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు ముక్కని మార్చి నుంచి ఆగస్టు ఆఖరు దాకా కోయకుండా వదలమన్నాను. కలుపు మందు, ఎరువు రెండూ వేయొద్దన్నాను. ఎరువు ఎందుకు వద్దో ఆయనకి అర్థం కాలేదు. పూర్తిగా చెప్పాను.

ఆర్కిడ్ గింజ పొడి కంటే సన్నం. మన కందిగింజలోనో వేరుశెనగలోనో మొలక్కి కావాల్సిన తిండి ఉంటుంది. ఆర్కిడ్ గింజలో అది ఉండదు. మట్టిలో ఉండే ఒక రకం బూజు, శిలీంద్రం, ఆ గింజలోకి చొరబడి తిండి అందిస్తేనే అది బతుకుతుంది. ఎరువు పడితే ఆ శిలీంద్రాల పొత్తు చెడుతుంది, గడ్డి కూడా ఏపుగా పెరిగి ఆర్కిడ్‌ని కమ్మేస్తుంది. గింజ పడిన దగ్గర్నుంచి మొదటి పువ్వు పూసేదాకా ఐదు నుంచి ఎనిమిదేళ్లు పడుతుంది. అంటే ఈ వాలులో పూసిన మొక్కలు, నేను ఈ ఆఫీసులో చేరకముందే నేలలో పడిన గింజలు కావచ్చు.

ఆయన ఒప్పుకున్నారు. ఈమెయిల్ పెట్టమన్నారు. పెట్టాను.

డిసెంబర్ 15

మంచు. రోసెట్లు అద్దినట్టు నేలకి అంటుకుని ఉన్నాయి. ఆకు కొసలు గోధుమరంగుకి తిరిగాయి. చూస్తే జబ్బు అనిపిస్తుంది గానీ బీ ఆర్కిడ్‌కి ఇది మామూలే. నేల లోపల రెండు దుంపలు ఉంటాయి. పాతది ఖర్చవుతూ ఉంటే, ఈ ఆకులు చలిలో సంపాదించినదంతా కొత్త దుంపలో జమ అవుతూ ఉంటుంది. జూన్‌లో పువ్వు వస్తుందా రాదా అన్నది ఈ చీకటి రోజుల్లోనే తేలుతుంది.

27లో 25 కనిపించాయి.

జనవరి 19

అమ్మతో ఫోన్‌లో మాట్లాడుతూ ఈ ప్రాజెక్టు సంగతి చెప్పాను. మాది పెద్దాపురం. మామిడితోటలో కొమ్మల మీద పెరిగే మొక్కలన్నిటినీ అమ్మ బదనిక అనే అంటుంది, అందులో వాండా ఆర్కిడ్ కూడా ఉంది. మా పక్కనే ఉన్న సామర్లకోటలో విలియం రాక్స్‌బర్గ్ అనే వైద్యుడు కంపెనీ కాలంలో తోట పెంచాడు. కోరమాండల్ తీరపు మొక్కల మీద ఆయన 1795లో తెచ్చిన సంపుటంలో ఆ వాండా బొమ్మ, వివరం ఉన్నాయి. ఈ రోజుకీ దాని శాస్త్రీయ నామం వాండా టెస్సెలాటా వెనక రాక్స్‌బర్గ్ పేరు ఉంటుంది. చిన్నప్పుడు ఆ ఊరి మీదుగా ఎన్నిసార్లు రైలెక్కానో, ఈ విషయం మాత్రం ఇక్కడికొచ్చాకే తెలిసింది.

అమ్మ అంతా విని ఒకే ప్రశ్న అడిగింది: "తేనె లేదంటున్నావు, మరి ఈగ ఎందుకొస్తుందే దాని దగ్గరికి?"

సరిగ్గా ఇదే ప్రశ్న వందేళ్ల పాటు ఐరోపా వృక్షశాస్త్రజ్ఞుల్ని తిప్పలు పెట్టింది. బీ ఆర్కిడ్‌కి ఓఫ్రిస్ ఏపిఫెరా అని 1762లో పేరు పెట్టినవాడు విలియం హడ్సన్ అనే ఇంగ్లిష్ వృక్షశాస్త్రజ్ఞుడు. ఏపిఫెరా అంటే తేనెటీగని మోసేది. అంత ఈగలా ఉన్న పువ్వు ఈగని పిలవడానికా, తరమడానికా అని వాదించుకున్నారు. జవాబు దొరికింది అల్జీరియాలో. అక్కడ జడ్జిగా పనిచేసిన ఎం. పుయాన్ అనే ఫ్రెంచ్ వ్యక్తి ఏళ్ల తరబడి బీ ఆర్కిడ్‌కి దగ్గరి చుట్టమైన ఒక ఓఫ్రిస్ పువ్వు దగ్గర కాచుకుని కూర్చున్నాడు. పువ్వు మీద వాలుతున్నవన్నీ మగ కందిరీగలే. తేనె కోసం కాదు, ఆడ కందిరీగ అనుకుని జతకట్టడానికి వాలుతున్నాయి. ఆ తంటాలో పుప్పొడి వాటి తలకి అంటుకుంటుంది. స్విట్జర్లండ్‌కి చెందిన హెన్రీ కొరెవాన్‌తో కలిసి ఆ సంగతి 1916లో ప్రచురించాడు. పువ్వు ఆకారం ఒక్కటే కాదు, వాసన కూడా ఆడ ఈగదే. స్పైడర్ ఆర్కిడ్ అనే దగ్గరి చుట్టం మీద ఫ్లోరియన్ షీస్టల్, ఆయన సహచరులు 1999లో ఆ రసాయనాల్ని విడదీసి చూపించారు: ఆడ ఈగ ఒంటి మీది మైనంలో ఉండేవే పువ్వులోనూ ఉన్నాయి.

"పాపం, మగ ఈగ" అంది అమ్మ. 

బీ ఆర్కిడ్ విషయంలో అసలు కథ ఇక్కడి నుంచే మొదలవుతుంది. మధ్యధరా ప్రాంతంలో దాని దగ్గరికి యూసెరా అనే పొడవాటి మీసాల తేనెటీగలు వస్తాయి. బ్రిటన్‌లో ఆ ఈగ జాతి చాలా అరుదైపోయింది, మా వాలు దగ్గర నేనెప్పుడూ చూడలేదు. అయినా ఇక్కడి పువ్వులు కాయలు కడతాయి. ఎలాగో నా కళ్లతో చూడాలి.

మార్చి 30

రోసెట్లు 22. మూడింటిని కుందేళ్లు కొరికేసినట్టున్నాయి, రెండు జాడ లేవు.

మే 18

కాడలు లేస్తున్నాయి. 22లో 13కి మధ్యలో మొగ్గల గుత్తి కనబడుతోంది. మిగతా 9 ఈ ఏడు ఆకులతోనే సరిపెట్టుకుంటాయి. ఒకసారి పూస్తే బీ ఆర్కిడ్ చచ్చిపోతుందని చాలాకాలం నమ్మారు. కేంబ్రిడ్జ్‌షైర్‌లోని మంక్స్ వుడ్‌లో టెరీ వెల్స్ అనే శాస్త్రవేత్త గుర్తులు పెట్టుకుని ఏళ్ల తరబడి లెక్కపెట్టాకే, కొన్ని మొక్కలు మళ్లీ మళ్లీ పూస్తాయని రుజువైంది. టేపూ నోట్‌బుక్కూ పట్టుకుని నేను చేస్తున్న పని కూడా అదే దారి.

జూన్ 2

సరంజామా సిద్ధం. మనసులో రెండు ప్రయోగాలు ఉన్నాయి, రెండూ డార్విన్ చేసినవే. ఆయన కెంట్‌లో, డౌన్ గ్రామంలో ఉండేవాడు. ఇంటి చుట్టుపక్కల సుద్ద నేలల్లో ఆర్కిడ్‌లు పుష్కలం. ఆర్కిడ్‌ల పరాగ సంపర్కం మీద 1862లో ఒక పుస్తకమే రాశాడు. బీ ఆర్కిడ్ ఆయన్ని బాగా తికమక పెట్టింది.

మొదటి ప్రయోగం: పురుగు రాకుండా, గాలి మాత్రం ఆడేలా మొక్కకి వల కప్పడం. రెండోది: గాలి కూడా లేని గదిలో కాడని నీళ్లలో ఉంచడం. రెండో దానికి కాడ కోయాలి కాబట్టి నేను చేయదలుచుకోలేదు. 1981 చట్టం ప్రకారం ఈ దేశంలో స్థలం యజమాని అనుమతి లేకుండా ఏ అడవి మొక్కనీ వేళ్లతో పీకకూడదు. పువ్వు కోయడం వేరే సంగతే అయినా, ఉన్న 13 కాడల్లో ఒకటి కోయడానికి నాకు చేయి రాదు.

వలకి ముందు మామూలు దోమతెర ముక్క తీసుకున్నాను. పనికి రాలేదు. గాలికి వంగి మొగ్గలకి రాసుకుంటోంది. వల పువ్వుకి తగిలితే ఆ తాకిడికే పుప్పొడి కదలొచ్చు, ప్రయోగం చెడిపోతుంది. అందుకని టమాటా మొక్కలకి పెట్టే ఇనుప రింగుల బోను మూడు కొని, వాటికి పెళ్లి గౌన్లలో వాడే ట్యూల్ గుడ్డ బిగించి కుట్టాను. కింద అంచుని మట్టితో కప్పాను, చీమలు కూడా దూరకుండా. బోను 30 సెం.మీ. వెడల్పు కాబట్టి కాడ ఎటూగినా గుడ్డకి తగలదు.

జూన్ 8

మొక్క 3, 9, 20కి బోన్లు పెట్టాను. పువ్వు విప్పకముందే పెట్టాలి, విప్పాక పెడితే లాభం లేదు. మిగతా 10 మొక్కలకి ఏమీ లేదు.

జూన్ 10

మొదటి పువ్వు. నంబర్ 14. కాడ 26 సెం.మీ., నాలుగు మొగ్గలు, అడుగుది విప్పింది.

తడి గడ్డిలో బోర్లా పడుకుని చూశాను. ముందు కనిపించేవి మూడు గులాబీ రంగు రేకులు, ఒకటి నిలువుగా, రెండు పక్కలకి చాపిన రెక్కల్లా. ఒక్కోదాని నడుమ ఆకుపచ్చ గీత. రేకులు అంటున్నాను గానీ నిజానికివి రక్షక పత్రాలు. అసలు ఆకర్షక పత్రాల్లో రెండు చాలా చిన్నవి, నూగుతో పొట్టి కొమ్ముల్లా ఉన్నాయి. మూడోది పెదవి. కథంతా దానిలోనే ఉంది. 12 మి.మీ. పొడవు, ముదురు గోధుమరంగు మఖ్మల్. రెండు భుజాల మీద దట్టమైన నూగు, సరిగ్గా తుమ్మెద వీపు మీద ఉన్నట్టు. నడుమ నున్నగా మెరిసే భాగం, దాని చుట్టూ పసుపు అంచు. ఎండ పడితే అది తడిగా ఉందేమో అనిపిస్తుంది, ముట్టుకుంటే పొడిగానే ఉంటుంది. పెదవి కొస వెనక్కి మడుచుకుని కిందకి దాక్కుంది. బీ ఆర్కిడ్‌లోనే ట్రోలీ అనే రకం ఉంది, కందిరీగ ఆర్కిడ్ అంటారు, దానిలో ఆ కొస మడవకుండా కోసుగా ముందుకి పొడుచుకొస్తుంది. మా వాలులో ఆ రకం లేదు.

పెదవికి పైన ముందుకి వంగిన భాగం ఒకటి ఉంది, చిలక ముక్కులా. పుప్పొడి ఉండేది అందులోనే. ఫొటో తీసి స్క్రీన్ మీద పెద్దది చేస్తే రెండు చిన్న గూళ్లు, వాటిలో పసుపు గదల్లాంటి రెండు ముద్దలు. ఒక్కోదానికి సన్నటి కాడ, కాడ అడుగున జిగురు బిళ్ల. ఆ బిళ్లే ఈగ తలకి అంటుకోవాలి.

మా అమ్మాయి చూసి, "అమ్మా, ఇది నవ్వుతోంది" అంది. పెదవి మీది పసుపు గీతలు చూస్తే నిజంగానే నవ్వే మొహంలా ఉంది.

జూన్ 11, సాయంత్రం

నంబర్ 14లో పుప్పొడి ముద్దలు గూళ్ల నుంచి జారాయి!

మిగతా ఓఫ్రిస్ జాతుల్లో ఈ ముద్దల కాడలు గట్టిగా, నిటారుగా ఉంటాయి. ఈగ తగిలితే తప్ప బయటికి రావు. బీ ఆర్కిడ్‌లో అవి దారంలా పొడుగ్గా, బలహీనంగా ఉంటాయి. ముద్ద బరువుకి అవే వంగి ముందుకి వేలాడతాయి. జిగురు బిళ్ల మాత్రం తన సంచిలోనే పాతుకుని ఉంటుంది. నిన్న గూట్లో ఉన్నవి ఇవాళ ఒక్కో దారానికి వేలాడుతూ, సరిగ్గా కీలాగ్రం (పుప్పొడిని అందుకునే భాగం) ముందుకి, దానికి రెండు మూడు మిల్లీమీటర్ల దూరంలో ఊగుతున్నాయి. కొంచెం గాలి వీస్తే చాలు. 20 నిమిషాలు కాపు కాశాను. చిన్న గాలి తెర వచ్చింది, కాడ ఊగింది, ఎడమ ముద్ద కీలాగ్రానికి తగిలి అక్కడే అతుక్కుపోయింది. కీలాగ్రం జిగురుగా ఉంటుంది, వదలదు.

తుమ్మెద వేషం అంతా వేసుకుని, తుమ్మెద కోసం ఎదురు చూడకుండా తన పని తనే ముగించుకుంది. ఆ క్షణం మళ్లీ చూస్తానో లేదో గానీ, నాకు ఈ ప్రాజెక్టు మొత్తానికి ఆ ఒక్క ఊపు చాలు.

జూన్ 12

పొద్దున్న 8:40కి ఆఫీసుకి వచ్చేసరికి గడ్డి కోసిన వాసన. కాళ్లు చల్లబడ్డాయి. పరుగెత్తాను. వాలులో సగం కోసేసి ఉంది.

వారం వారం వచ్చే మనిషి సెలవులో ఉన్నాడట, అతని బదులు వచ్చినతనికి ఈ ముక్క వదలాలని ఎవరూ చెప్పలేదు. నా ఈమెయిల్ ఆఫీసులో ఉంది, మిషన్ మీద కూర్చున్నతని దగ్గర లేదు. అతను చాలా బాధపడ్డాడు. తెల్ల గుడ్డ బోన్లు చూసి, ఎవరో ఏదో పెట్టారనుకుని, వాటి చుట్టూ జాగ్రత్తగా తిప్పుకుపోయాడు. అందుకే వలలోని మూడూ బతికాయి. నేలలో పాతిన నా చెక్క మేకులు అతనికి కనబడే అవకాశమే లేదు. మిషన్‌కి తగలకూడదని కనబడకుండా పెట్టిన గుర్తు మనిషికి కూడా కనబడదని నేను ఆలోచించలేదు.

పోయినవి ఆరు: 2, 5, 11, 14, 17, 25. మిగిలినవి వలలో మూడు, బయట నాలుగు.

కోసిన గడ్డిలో వెతికితే నంబర్ 14 కాడ దాదాపు చెక్కుచెదరకుండా దొరికింది. నిన్నటి పువ్వు, మూడు మొగ్గలు. తడి టిష్యూలో చుట్టి లంచ్ బాక్సులో పెట్టి ఇంటికి తెచ్చాను. సాయంత్రం వెళ్లేలోపు ఫెసిలిటీస్ మేనేజర్ స్వయంగా వచ్చి ఆ ముక్క చుట్టూ ఎర్ర రిబ్బన్‌తో వెదురు కర్రలు పాతించారు.

ఏడవలేదు గానీ రాత్రి నిద్ర పట్టలేదు. నంబర్ 14 పువ్వులోకి చూస్తూ ఆ సాయంత్రమంతా గడిపి ఇంకా రెండు రోజులు కాలేదు.

జూన్ 13

వద్దనుకున్న రెండో ప్రయోగం ఇప్పుడు చేతికి వచ్చింది. కాడ కింద కొస ఏటవాలుగా కోసి, సన్నటి గాజు గ్లాసులో నీళ్లు పోసి నిలబెట్టాను. స్టోర్ రూములో పెట్టాను. కిటికీ లేదు, తలుపు మూసేస్తే గాలి కదలదు. తలుపు తీసేటప్పుడు వచ్చే గాలి కూడా తగలకుండా గ్లాసు చుట్టూ మూడు వైపులా అట్టపెట్టె. మా అమ్మాయి తలుపు మీద కాగితం అతికించింది: "మెల్లగా. లోపల ప్రయోగం."

అడుగు పువ్వు లెక్కలోకి రాదు, అది బయటే పుప్పొడి అందుకుంది. మిగతా మూడు మొగ్గలే ముఖ్యం.

జూన్ 15

ఆదివారం. టాటర్న్‌హో క్వారీకి వెళ్లాం, ఇంటి నుంచి పది నిమిషాలు. పాత సుద్ద క్వారీ, ఇప్పుడు వన్యప్రాణి సంరక్షణ స్థలం. తెల్లటి గుట్టల మీద బీ ఆర్కిడ్‌లు అక్కడొకటి ఇక్కడొకటి, పక్కనే మచ్చల ఆర్కిడ్‌లు గుంపులుగా. వేలిగోరంత స్మాల్ బ్లూ సీతాకోకలు. మనసు కాస్త కుదుటపడింది.

జూన్ 16

స్టోర్ రూములో రెండో పువ్వు విప్పింది. బయట విప్పినదాని కంటే కొంచెం పాలిపోయింది.

జూన్ 18

రెండో పువ్వులో ముద్దలు జారి వేలాడుతున్నాయి. కీలాగ్రం ముందు, గాలిలో, ఎటూ తగలకుండా. టార్చ్ వెలుగులో దారాలు కూడా కనబడుతున్నాయి, సాలెపట్టు పోగులంత. ఊపిరి బిగబట్టి ఫొటో తీశాను. అట్ట మీద గీత గీసి, రోజూ అదే చోట ఫోన్ పెట్టి తీస్తున్నాను కాబట్టి రేపటికి కదిలాయో లేదో తెలుస్తుంది.

జూన్ 21

కదల్లేదు. మూడో పువ్వు కూడా విప్పింది, దానిలోనూ అంతే. నాలుగు రోజుల ఫొటోలు ఒకదాని మీద ఒకటి పెట్టి చూశాను. వేలాడే ముద్ద వెంట్రుకవాసి కూడా జరగలేదు.

డార్విన్ రాసినదీ ఇదే. వల కింద, గాలి ఆడిన చోట ముద్దలు కీలాగ్రానికి అంటుకున్నాయి. గాలిలేని గదిలో నీళ్లలో ఉంచిన కాడల మీద పువ్వు వాడిపోయేదాకా అలాగే వేలాడాయి. బరువు సగం పని చేస్తుంది, మిగతా సగం గాలిది.

జూన్ 23

నాలుగో పువ్వు విప్పి రెండు రోజులైంది, ముద్దలు వేలాడుతున్నాయి. మా అమ్మాయికి ఒక స్ట్రా ఇచ్చి, దూరం నుంచి ఒక్కసారి మెల్లగా ఊదమన్నాను. మొదటిసారి ఏమీ కాలేదు. రెండోసారి కాడ ఊగింది, రెండు ముద్దలూ వెనక్కి వెళ్లి ముందుకి వచ్చాయి. కుడిది అంటుకుంది. మూడోసారి ఊదితే ఎడమది. "అంటుకుందమ్మా, అంటుకుంది!" అని అది గట్టిగా అరవడం చూసి వాళ్ల నాన్న వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చారు. ఆయనకి ఫొటోలన్నీ వరసగా చూపించింది, మీసాల తేనెటీగ దగ్గర్నుంచి మొదలుపెట్టి.

నాకు ఒక సంగతి ఇప్పుడు స్పష్టంగా అర్థమైంది. ఈ పువ్వు ఈగని వదులుకోలేదు. ముద్ద గూట్లో ఉన్నంతసేపు, జిగురు బిళ్ల సంచిలో తడిగా ఉన్నంతసేపు, ఈగ వస్తే వేరే మొక్కకి పుప్పొడి పంపే దారి తెరిచే ఉంది. ఒక రోజు దాకా ఎదురుచూస్తుంది. రాకపోతేనే ముద్దని కిందకి దించుతుంది.

జూన్ 29

వాలులో అన్నీ పూర్తిగా పూశాయి. వలలో ఉన్న మూడింటికి మొత్తం 15 పువ్వులు, బయట నాలుగింటికి 18. వల గుడ్డ మీద ఒక్క చిరుగు లేదు, రోజూ చూస్తున్నాను. నంబర్ 20 బోనులో ఒక చిన్న నత్త దొరికింది, తీసేశాను. పువ్వుల జోలికి వెళ్లలేదు.

జూలై 20

పువ్వులు వాడి, కింద ఉన్న అండాశయాలు ఉబ్బాయి. నిటారుగా, చారలతో, చిన్న దోసపిందెల్లా ఉన్నాయి. పైన ఎండిన పెదవి నల్లగా ముడుచుకుని ఇంకా అంటుకునే ఉంది.

వలలో: 15 పువ్వులకి 14 కాయలు. కొస పువ్వు ఒకటి చిన్నగా ఉండి ఎండిపోయింది.
బయట: 18కి 16. రెండింటిని ఏదో పురుగు కొరికేసింది.

మూడు మొక్కలంటే చాలా చిన్న లెక్క, దీనితో ఎవరికీ ఏదీ కొత్తగా రుజువు చేయలేను. అయినా ఆ 14 కాయల్లో ఒక్కదానికి కూడా ఏ ఈగా అడుగు పెట్టలేదు. అది నాకు తెలుసు, ఎందుకంటే ఆ గుడ్డ కుట్టింది నేనే.

అమ్మకి వీడియో కాల్‌లో చూపించాను. "మరి ఆ వేషం ఎందుకే ఇంక?" అంది. ఈగలున్న చోట పుట్టిన పువ్వు, ఈగ లేని చోటికి వచ్చి బతకడం నేర్చుకుంది, పాత బట్టలు మాత్రం విప్పలేదు అన్నాను. అమ్మ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "అక్కడ చలికి ఆకులు మాడతాయన్నావు, ఇప్పుడు బాగున్నాయా?" అని అడిగింది.

ఆగస్టు 24

కాయలు గోధుమరంగుకి వచ్చి, నిలువు చారల వెంట పగిలాయి. చీలికలు పైనా కిందా అంటుకునే ఉండి నడుమ విచ్చుకుంటాయి, చిన్న లాంతర్లలా. నంబర్ 9 కాడని వేలితో ఒక్కసారి తట్టాను. పొగలా వచ్చింది. నల్లటి చొక్కా మీద పడినదాన్ని భూతద్దంతో చూస్తే ఒక్కో గింజ, వలలాంటి తొడుగులో సన్నటి చుక్క. ఒక్క కాయలో ఇవి వేలల్లో ఉంటాయి. బోన్లు తీసేశాను, ఇంక గాలి పని.

సెప్టెంబర్ 6

గడ్డి కోత. ఈసారి నేను దగ్గరుండి కోయించాను, బ్లేడు ఎత్తుగా పెట్టించి. కోసిన గడ్డంతా రేక్‌తో లాగి బయట వేశాం. అక్కడే వదిలేస్తే కుళ్లి ఎరువవుతుంది, మనం వద్దనుకున్నదే అది. జూన్‌లో పొరపాటున కోసిన అబ్బాయే వచ్చి రేక్ పట్టుకున్నాడు. గంటన్నర పట్టింది.

సెప్టెంబర్ 28

వాన పడి నేల మెత్తబడింది. టేపు, నోట్‌బుక్, మా అమ్మాయి. పాత కొలతలతో ఒక్కొక్కటీ వెతికాం. 3, 9 దగ్గర కొత్త ఆకులు. 20 దగ్గర ఇంకా లేవు. 8 దగ్గర ఉంది. మిషన్ కోసుకుపోయిన ఆరింటి కోసం చివర్లో వెళ్లాం, ముందు వెళ్లడానికి మనసొప్పలేదు. 2 లేదు. 5 లేదు. 11 దగ్గర చూడగానే తెలిసింది, రెండు ఆకులు.

14 దగ్గర మా అమ్మాయి టేపు రెండుసార్లు కొలిచింది. ఎడమ మేకు నుంచి 6.17, కుడి నుంచి 9.30. గడ్డి పక్కకి తీసి, "అమ్మా, ఇటు రా" అంది. వేలిగోరంత ఆకులు మూడు, ఇంకా పూర్తిగా విచ్చుకోలేదు. నంబర్ పక్కన తేదీ రాసుకుని 17కి వెళ్లాం.